సైనికుడి పిల్లి ఇంటికొచ్చేలోపు దానికో చెట్టు కట్టడం ఎలా

మా పక్కింటావిడ కొడుకు అమెరికా సైన్యంలో ఉన్నాడు. ఇరాక్‌లో డ్యూటీ పడ్డప్పుడు అక్కడ జనరేటర్ నీడలో పడుకునే ఒక పిల్లి ఆ అబ్బాయికి మాలిమైంది. రంగు చూసి బిస్కెట్ అని పేరు పెట్టాడట. తను వెనక్కి వచ్చేస్తే దాని గతేంటని ఒకటే బెంగ. ఎలాగోలా ముందు దాన్ని ఇంటికి పంపిస్తాను, నేను వచ్చేదాకా ఎవరైనా చూసుకోండి అన్నాడు. ఆవిడకేమో పిల్లి బొచ్చు గాలి సోకితే చాలు, తుమ్ములు ఆగవు. అలా ఆ బాధ్యత గోడ దూకి మా ఇంట్లో పడింది.

పిల్లి టెక్సాస్ చేరడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ నేను గ్యారేజీలో దానికి చెట్టు కట్టాను. చెట్టంటే నిజం చెట్టు కాదు, పిల్లి ఎక్కడానికి, గోకడానికి, దాక్కోవడానికి కర్రతో, తాడుతో చేసేది. షాపుల్లో క్యాట్ ట్రీ అని అమ్ముతారు. వాటిల్లో చవకవి అట్టతో చేసినవి, ఎదిగిన పిల్లి దూకితే ఊగిపోతాయి. ఊగిన చెట్టు మీదికి బెదురు పిల్లి రెండోసారి ఎక్కదు.

మీకూ ఇలాంటి అతిథి రాబోతుంటే కాగితాల పని ముందు మొదలుపెట్టండి, కర్రపని తర్వాత. కాగితాలు మన చేతిలో ఉండవు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు గానీ, ఇక్కడ పిల్లే మనల్ని ఏడాఫీసులు తిప్పుతుంది.

ముందు అబ్బాయితో మాట్లాడండి

పశ్చిమాసియా వైపు వ్యవహారాలు చూసే అమెరికా సెంట్రల్ కమాండ్ కింద పనిచేసే సైనికులకు జనరల్ ఆర్డర్ నంబర్ 1 అని ఒకటుంది. మందు తాగకూడదు అన్న వరసలోనే, జంతువుల్ని పెంచుకోకూడదు, వాటికి తిండి పెట్టకూడదు అని కూడా అందులో ఉంటుంది. వినగానే ఇదేం కసాయితనం అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ 2011లో ఒక అమెరికన్ సైనికుడు అఫ్గానిస్తాన్‌లో కుక్క కరిచి, తిరిగొచ్చాక న్యూయార్క్ రాష్ట్రంలో రేబిస్‌తో చనిపోయాడు. ఆ సంగతి చదివాక ఆర్డర్ మీద కోపం సగం తగ్గింది.

కాబట్టి మొదటి మాట ఇది: పిల్లితో దిగిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని చెప్పండి. పిల్లి మీద కోపంతో కాకపోయినా, ఫొటో వెనక కనబడే క్యాంపు వల్ల ఆ అబ్బాయికి చిక్కులు రావచ్చు. రెండో మాట: పిల్లి ఎప్పుడైనా గీరినా, కరిచినా దాచకుండా క్యాంపు డాక్టరుకి చెప్పమనండి. దాచితే ప్రాణానికే ముప్పు. మూడోది: పిల్లిని సంచీలో పెట్టుకుని విమానం ఎక్కే ఆలోచన ఉంటే అక్కడే మానిపించండి.

ఈ పని చేసిపెట్టే సంస్థలున్నాయి. ఎస్‌పీసీఏ ఇంటర్నేషనల్ వాళ్ళు 2008లో ఆపరేషన్ బాగ్దాద్ పప్స్ అని మొదలుపెట్టారు. పేరులో కుక్కపిల్లలున్నా పిల్లుల్నీ తెచ్చారు. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో పాస్ ఆఫ్ వార్ ఉంది. బ్రిటన్ వైపు నౌజాద్ పేరు వినే ఉంటారు. అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో పనిచేసిన పెన్ ఫార్తింగ్ అనే బ్రిటిష్ రాయల్ మెరీన్ సైనికుడు 2007లో పెట్టిన సంస్థ అది, తను కాపలా కాసిన ఊరి పేరే దానికి పెట్టాడు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయినప్పుడు నూటయాభైకి పైగా కుక్కల్ని, పిల్లుల్ని ప్రత్యేక విమానంలో లండన్‌కు తెచ్చింది ఇతనే. మనుషులు గేటు బయట ఉండిపోతే జంతువులకు విమానమా అని పెద్ద గొడవ జరిగింది. ఆ ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు. అందుకే చెబుతున్నా, ఈ పని శాంతంగా ఉన్న రోజుల్లో ముందుగానే మొదలుపెట్టాలి. చివరివారంలో హడావిడి పడితే అన్నీ చిక్కులే.

సంస్థకు రాసేటప్పుడు పిల్లి వయసు, ఆడో మగో, ఉజ్జాయింపు బరువు, ఆరోగ్యం, సైనికుడు అక్కడ ఇంకెన్నాళ్ళు ఉంటాడు, ఇక్కడ ఎవరు తీసుకుంటారు అన్నవి మొదటి ఈమెయిల్లోనే రాయండి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. కొంత వాళ్ళు చందాలతో పోగుచేస్తారు, కొంత మనం చూసుకోవాలి.

క్యాలెండర్ గీసుకోండి

మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ముందు, రేబిస్ టీకా తర్వాత. ఈ వరస తప్పితే కొన్ని దేశాలు ఆ టీకాను లెక్కలోకే తీసుకోవు, ఎందుకంటే టీకా వేసింది ఈ పిల్లికేనని రుజువు ఉండదు. చిప్ 15 అంకెల అంతర్జాతీయ రకం అయ్యుండాలి. పిల్లపిల్లి అయితే టీకాకు సాధారణంగా 12 వారాలు నిండాలి.

తర్వాతి లెక్కంతా అది ఏ దేశానికి వెళుతుందో దాన్ని బట్టి. అమెరికాకు వచ్చే పిల్లికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రేబిస్ సర్టిఫికెట్ అడగదు, చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటే చాలు. కానీ రాష్ట్రాలు, విమాన కంపెనీలు అడగొచ్చు, కాబట్టి టీకా వేయించకుండా ఉండకండి. హవాయి సంగతి వేరు, అక్కడ క్వారంటైన్ ఉంది. కుక్కయితే కథ మారుతుంది: 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలల వయసు, మైక్రోచిప్, సీడీసీ ఫారం తప్పనిసరి, రేబిస్ ఎక్కువున్న దేశం నుంచైతే ఇంకా బోలెడు. బ్రిటన్‌కు, యూరప్‌కు వెళ్ళే పిల్లికి ఇరాక్, అఫ్గానిస్తాన్ లాంటి దేశాల నుంచైతే టీకా పనిచేసిందో లేదో రక్తపరీక్ష చేయించి, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి.

మూడు నెలలే కదా అనుకోండి. 1949లో చైనా యాంగ్త్సీ నదిలో కాల్పుల్లో చిక్కుకున్న అమెథిస్ట్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో సైమన్ అనే పిల్లి ఉండేది. హాంకాంగ్‌లో ఒక కుర్ర నావికుడు చాటుగా ఎక్కించిన పిల్లి అది. గుండు ముక్కలు తగిలి గాయాలైనా ఎలుకల్ని పట్టి తిండిగింజలు కాపాడింది. యుద్ధంలో సాహసం చూపిన జంతువులకు బ్రిటన్‌లో ఇచ్చే డికిన్ మెడల్ అందుకున్న పిల్లి ఇప్పటికీ అదొక్కటే. ఇంగ్లండు చేరాక చట్టం ప్రకారం ఆరునెలల క్వారంటైన్లో పెట్టారు, అక్కడే నవంబరులో చనిపోయింది. ఇప్పుడు టీకా, చిప్, రక్తపరీక్ష ఉండబట్టే ఆ ఆరునెలల బోను తప్పింది.

హైదరాబాద్‌కో బెంగళూరుకో తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ముందుగా జంతు క్వారంటైన్ విభాగం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. నివాసం మార్చుకుని వచ్చేవాళ్ళకు మనిషికి రెండు పెంపుడు జంతువుల వరకే అనుమతి. 2022లో యుక్రెయిన్ నుంచి మన విద్యార్థులు పిల్లుల్ని, కుక్కల్ని చంకనేసుకుని వచ్చినప్పుడు కేంద్రం ఆ ఒక్కసారికి సడలించింది. దాన్ని చూసి మనకూ వదిలేస్తారులే అనుకోవద్దు.

ప్రయాణపు బోను గురించి ఒక్క మాట. పిల్లి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, పడుకోగలిగేంత ఉండాలి. పైభాగం, కిందిభాగం ప్లాస్టిక్ క్లిప్పులతో కాకుండా ఇనుప బోల్టులతో బిగించాలి. నీళ్ళ గిన్నె తలుపు తీయకుండానే బయటి నుంచి నింపేలా ఉండాలి. మత్తుమందు ఇవ్వొద్దు, చాలా విమాన కంపెనీలు ఎక్కించుకోవు. ఎండాకాలంలో కార్గోకి ఇబ్బంది ఉంటుంది, 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అమెరికా కంపెనీలు సాధారణంగా జంతువుల్ని తీసుకోవు. ఇరాక్ జులైలో ఆ అంకె పొద్దున్నే దాటిపోతుంది. అబ్బాయి వేసుకున్న, ఉతకని టీషర్టు ఒకటి బోనులో పరచమనండి. ఆ టీషర్టుతో మనకు తర్వాత పనుంది.

ఇప్పుడు కర్రపని

కావలసినవి: నాలుగు బై నాలుగు కర్ర ఒకటి (పేరుకే నాలుగు, కొలిస్తే మూడున్నర అంగుళాలే), ముప్పావు అంగుళం ప్లైవుడ్, పావు అంగుళం మందం మూడున్నర అంగుళాల పొడవు మరలు, వాషర్లు, సైసల్ తాడు, తెల్ల జిగురు, స్టేపుల్ గన్, గరుకు కాగితం. కర్ర కొనేటప్పుడు కాస్త పచ్చగా కనిపించేది తీసుకోకండి. అది చెదపట్టకుండా మందు పట్టించిన కర్ర. పిల్లి గోళ్ళు నాక్కుంటుంది, ఆ మందు కడుపులోకి పోతుంది.

సైసల్ అంటే మన కిత్తనార జాతిదే. తాడు కొనేముందు వాసన చూడండి. కిరసనాయిలు వాసన వస్తే నూనె పట్టించినదని అర్థం, వద్దు. మన ఊళ్ళో చేసుకునేవాళ్ళకు సైసల్ దొరక్కపోతే మెత్తటి జనపనార తాడు ఫరవాలేదు, త్వరగా అరుగుతుందంతే. కొబ్బరితాడు మాత్రం ఇల్లంతా పీచు రాలుస్తుంది. కర్రకు బదులు నాలుగంగుళాల డ్రైనేజీ పైపు వాడొచ్చు. అప్పుడు పైపు రెండు చివర్లలోనూ బిగుతుగా పట్టే చెక్కముక్క దూర్చి, పక్కల నుంచి మరలు బిగించాలి. ప్లైవుడ్ టింబర్ డిపోలోనే కొలతకు కోయించుకుంటే సగం పని అయిపోయినట్టే.

తాడు ఎంత కొనాలన్నది అందరూ తప్పే లెక్క. నేనూ తప్పాను, 50 అడుగుల చుట్ట ఒకటి తెచ్చి, అది అడుగున్నర ఎత్తు కూడా రాకపోతే తెల్లమొహం వేశాను. లెక్క ఇది: తాడు మందం అంగుళంలో ఎనిమిదింట మూడొంతులు అయితే, అడుగు ఎత్తుకు 32 చుట్లు పడతాయి. కర్ర నాలుగు వైపులా కలిపి 14 అంగుళాలు, తాడు మందం కలుపుకుంటే చుట్టుకు 15 అంగుళాల పైచిలుకు. అంటే అడుగు ఎత్తుకు దాదాపు 40 అడుగుల తాడు. మూడడుగుల స్తంభానికి 120 అడుగులు, చేతిలో ఉండటానికి ఇంకో పది.

పీట ముందు చేయండి. చెట్టు ఎత్తు ఐదడుగుల లోపైతే 24 అంగుళాల చదరం, రెండు పలకలు ఒకదాని మీద ఒకటి జిగురుపెట్టి బిగించాలి. నేను మొదట అందంగా ఉంటుందని 16 అంగుళాల పీట చేశాను. పిల్లి ఇంకా రాలేదు కాబట్టి పరీక్షకు 20 పౌండ్ల సోనామసూరి బస్తా పై అరలో పెట్టి ఒక చివరికి నెట్టాను. చెట్టు బస్తాతో సహా కారు మీదికి ఒరిగింది. గ్యారేజీలో బియ్యం ఏరుకోవడానికి రెండు రోజులు పట్టింది, కారు తలుపు మీద సొట్ట ఇంకా ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఎవరొచ్చినా ముందు ఆ సొట్టే చూపిస్తుంది. అయినా బియ్యం బస్తా పరీక్ష మంచిదే, మీరూ చేయండి. బస్తాను గుడ్డలో మూటగట్టి చేయండి.

స్తంభం మూడడుగులకు తగ్గకూడదు. పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు పైకి చాచి, ఒళ్ళంతా సాగదీసి గోకుతుంది. అంత ఎత్తు లేకపోతే సోఫా వెనక భాగం వెతుక్కుంటుంది. కర్ర నాలుగు మూలల్నీ గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దండి, లేకపోతే తాడు మూలల దగ్గర లేచి నిలబడుతుంది.

తాడు చుట్టేటప్పుడు మీరు కర్ర చుట్టూ తిరగకండి. కర్రను రెండు కుర్చీల మధ్య అడ్డంగా పడుకోబెట్టి, తాడు ఎడమచేత్తో లాగిపట్టి, కుడిచేత్తో కర్రను తిప్పండి. చేతికి తొడుగు తప్పనిసరి, కిత్తనార అరచేతిని కోసేస్తుంది. మొదటి చుట్టును పీటవైపు చివర స్టేపుల్‌తో పట్టించి, జిగురు గీత గీస్తూ వెళ్ళండి. పది చుట్లకోసారి ఆపి, చెక్కముక్క ఆనించి సుత్తితో కిందికి తట్టి దగ్గర చేయండి. ఆ తట్టడం ఎగ్గొడితే నెలలోపే చుట్ల మధ్య వేలు దూరేంత సందులు వస్తాయి. ఆఖరి స్టేపుల్ పై అర కిందికి దాగేలా చూడండి, పిల్లి పంజా తగిలే చోట ఇనుము కనపడకూడదు. తర్వాత ఒక రోజంతా ఆరనివ్వాలి.

స్తంభాన్ని పీటకు కింది నుంచి బిగించండి. ఒక్క మర వేస్తే స్తంభం గుండ్రంగా తిరుగుతుంది, కనీసం రెండు వేయాలి, నాలుగైతే నిశ్చింత. మర తల పీటలోకి దిగేలా ముందు పెద్ద గుంత తొలవండి. ఇక్కడ జిగురు వాడకండి. కారణం చివర్లో చెబుతాను.

స్తంభం మీద గూడు, దీన్నీ జిగురు లేకుండా మరలతోనే బిగించండి. 16 అంగుళాల చదరం, 14 ఎత్తు పెట్టె. ముందువైపు ఏడంగుళాల గుండ్రటి తలుపు, పక్కన అలాంటిదే ఇంకొకటి. రెండో తలుపు అనవసరం అనిపిస్తుంది, కానీ ఒకే దారి ఉన్న గూట్లో దూరితే చిక్కుకుపోతానని బెదురు పిల్లికి తెలుసు. గూటి పైకప్పే చూడ్డానికి కూర్చునే అర. లోపల పరిచే గుడ్డ ఉతకడానికి తీసేలా ఉండాలి. పోగులు ఉంగరాల్లా లేచి ఉండే కార్పెట్ వేస్తే గోళ్ళు ఇరుక్కుంటాయి. పైకప్పుకీ, పక్క గోడకీ మధ్య నవారు బిగించి ఉయ్యాల కూడా వేయొచ్చు, నేను ఇండియా నుంచి తెచ్చిన నవారు మిగిలిపోయి ఉంటే అలాగే చేశాను.

చెట్టు ఐదడుగులు దాటినా, ఇంట్లో చిన్నపిల్లలున్నా గోడకు ఇనుప బద్దతో బిగించండి. అమెరికా ఇళ్ళ గోడ లోపల కర్ర నిలువులు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, మర వాటిల్లోకి దిగాలి, ఉత్త అట్టలోకి దిగితే లాభం లేదు. మన ఇటుక గోడలకు డ్రిల్ చేసి ప్లగ్గు వేస్తే సరిపోతుంది. మా ఇంట్లో రెండు అరలు గోడకే బిగించాను, నిజమైన గోడమీద పిల్లి అక్కడే కనిపిస్తుంది.

రెండో చెట్టు మొదటిదానికంటే సగం టైములో అవుతుంది. నేను మూడు అదనంగా చేసి మా అపార్ట్‌మెంట్ల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అమ్మాను. బేరాలు ఆడారు, అది వేరే సంగతి. వచ్చిన డబ్బు పిల్లి టికెట్టు ఖర్చులో పడింది.

పిల్లి దిగిన రోజు

ఇల్లంతా చూపించకండి. ఒక గది, తలుపు మూసి, అందులో చెట్టు, ఇసుక డబ్బా ఒక మూల, తిండి దానికి దూరంగా ఇంకో మూల. ఇంట్లో వేరే పిల్లి ఉంటే రెండు వారాలు కలవనివ్వద్దు. ఈలోగా డాక్టరు దగ్గర ల్యుకేమియా, ఎఫ్‌ఐవీ (పిల్లులకు వచ్చే రెండు వైరస్ జబ్బులు) పరీక్షలు చేయించండి. షెల్టరుకు కొత్తగా వచ్చిన పిల్లులకు దాక్కునే పెట్టె ఇస్తే త్వరగా కుదుటపడతాయని నెదర్లాండ్స్‌లో పరిశీలించి 2014లో ప్రచురించారు. కాబట్టి గూడు ఇంకా పూర్తికాకపోతే అట్టపెట్టె అయినా పెట్టండి, ఖాళీగా ఉంచొద్దు.

ఇప్పుడు ఆ టీషర్టు. ఉతక్కుండా గూట్లో పరచండి. మా బిస్కెట్ మూడు రోజులు మంచం కింద ఉంది. తిండి రాత్రిపూట మాయమయ్యేది, మనిషి అలికిడైతే రెండు కళ్ళు మెరిసేవి అంతే. లాగొద్దు, పిలవొద్దు. గదిలో నేల మీద కూర్చుని ఫోన్లో వార్తలు బయటికి చదివేవాణ్ణి, గొంతు అలవాటవ్వాలని. నాలుగో రాత్రి స్తంభం మీద గోళ్ళ చప్పుడు వినిపించింది, బర్రుమని. తెల్లారి చూస్తే టీషర్టు మీద ముడుచుకుని ఉంది. కొన్ని పిల్లులకు క్యాట్‌నిప్ అనే వాసన మొక్క ఎండుటాకు చల్లితే తొందరగా ఎక్కుతాయి. మన పెరళ్ళలో మొలిచే కుప్పింటాకు మొక్క వేరు దొరికితే అదీ పిల్లులకు పిచ్చే, స్తంభం మీద రుద్ది చూడండి.

వీడియో తీసి అబ్బాయికి పంపండి. నెట్ సరిగా ఉండదు, పది సెకన్లది పంపితే వెళుతుంది.

చివరికి విప్పడం

పీట దగ్గర జిగురు వద్దన్నది ఇందుకే. అబ్బాయి తిరిగొచ్చాక పిల్లి వెళ్ళిపోతుంది, చెట్టు కూడా దాంతోపాటే వెళ్ళాలి. కింది మరలు నాలుగూ, గూటి మరలూ విప్పితే స్తంభం, పీట, గూడు విడిపోయి మామూలు కారు డిక్కీలో పడతాయి. మరలు ఒక డబ్బాలో వేసి గూటికి టేపుతో అంటించండి, లేకపోతే అవే పోతాయి. తాడు అప్పటికి బాగా చిరిగిపోయి వేలాడుతుంటుంది. కొత్త తాడు చుట్టి నీటుగా ఇద్దామని మీ చేతులు దురద పెడతాయి. చుట్టకండి, గూట్లో గుడ్డ కూడా ఉతక్కండి. కొత్త ఇంట్లో ఆ పిల్లికి తనదంటూ తెలిసిన వాసన ఆ చిరిగిన తాడుదే. మూడు నాలుగు నెలలు పోయాక మార్చుకోమని, మిగిలిన తాడు చుట్ట ఆ అబ్బాయి చేతికివ్వండి.